మోర్స్ కోడ్, ట్రైనర్, మన చెవి: గుణుపురం వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

మోర్స్ కోడ్ అంటే ఇంగ్లీషు అక్షరాలను పొట్టి, పొడుగు కూతలుగా పంపే పద్ధతి, వెనుకటి తంతి భాష. ట్రైనర్ అంటే దాన్ని నేర్పే చిన్న పరికరం. ఒడిశా రాయగడ జిల్లాలోని మా గుణుపురం ఇంటి వరండాలో ఆదివారం సాయంత్రం నలుగురైదుగురం చేరి ఆ బీప్‌లు వింటుంటాం. మొదట్లో పక్కింటి పిన్నిగారు మా ఇన్వర్టర్ పాడైందనుకుని ఎలక్ట్రీషియన్ నంబరు కూడా ఇచ్చారు. ఇప్పుడు ఆవిడ మనవడే వచ్చి కూర్చుంటున్నాడు. రాయగడ, పర్లాకిమిడి, బరంపురం నుంచి ఫోన్ చేసేవాళ్లు అడిగేవీ, ఇక్కడికి వచ్చేవాళ్లు అడిగేవీ చాలావరకు ఒకటే ప్రశ్నలు. అన్నీ ఒకచోట రాసిపెడితే నా గొంతుకి కాస్త విశ్రాంతి. నేను ఇంజనీరును కాను. రెండేళ్లు తప్పు పద్ధతిలో నేర్చుకుని, అదంతా వదిలించుకుని, మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నవాణ్ని.

టెలిగ్రాంలే పోయాయి కదా, ఇప్పుడు ఇదెందుకు?

పోయాయి. 2013 జూలై 14 రాత్రితో మన దేశంలో టెలిగ్రాం కథ ముగిసింది. రైల్వే స్టేషన్లలో తంతి కొట్టిన చేతులు అంతకు ముందే రిటైరయ్యాయి. మోర్స్ ఇప్పుడు బతికున్నది ముఖ్యంగా హామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి నడుపుకునే రేడియోలో. గొంతు పంపాలంటే దాదాపు రెండున్నర కిలోహెర్ట్జ్‌ల వెడల్పు కావాలి, మోర్స్‌కు అందులో పదోవంతు కూడా అక్కర్లేదు. సెట్టు శక్తంతా ఆ సన్నని సందులోనే పడుతుంది కాబట్టి మాట వినబడని చోట కూడా బీప్ వినబడుతుంది. ఐదు వాట్ల సెట్టు, చెట్టుకు కట్టిన తీగ, ఒక బ్యాటరీ పెట్టుకుని ఇతర దేశాలతో మాట్లాడేవాళ్లు ఉన్నారు.

మా వైపు ఈ ప్రశ్న వెనుక తిత్లీ తుపాను ఉంటుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఆ తరువాత గజపతి జిల్లా కొండల మీద కురిసిన వాన ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, రోడ్లు తెగిపోయాయి. "ఇది వస్తే అప్పుడు పనికొచ్చేదా?" అని అడుగుతారు. సెట్టు, లైసెన్సు, అలవాటైన చెయ్యి, అవతల వినేవాడు, ఈ నాలుగూ ఉంటే పనికొచ్చేది. ఒక్క ట్రైనర్ మాత్రం కొనుక్కుంటే రాదు. నిజం చెప్పాలంటే మాలో ఎక్కువమంది తుపాను కోసం నేర్చుకోవడం లేదు. బాగుంటుంది కాబట్టి నేర్చుకుంటున్నాం.

ట్రైనర్ అంటే అసలు ఏమిటి?

మూడు రకాలు చూశాను. మొదటిది ఒట్టి ఓసిలేటర్, అంటే కూత పుట్టించే చిన్న సర్క్యూట్: కీ (మోర్స్ కొట్టే మీట) నొక్కితే కూత, వదిలితే నిశ్శబ్దం. దీంతో కొట్టడం ప్రాక్టీసు చెయ్యొచ్చు గానీ వినడం నేర్చుకోవాలంటే ఎదురుగా కొట్టేవాడు ఉండాలి. రెండోది చిన్న తెర, లోపల మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) ఉన్నది. ఇది తనంతట తాను అక్షరాలు కొడుతుంది, పాఠాలు నడుపుతుంది, మీరు కొట్టినది ఏ అక్షరమో తెర మీద చూపిస్తుంది. కొన్నింటిలో ఎకో పద్ధతి ఉంటుంది: అది ఒక మాట కొడుతుంది, మీరు అదే తిరిగి కొట్టాలి, తప్పితే మళ్లీ కొడుతుంది. విసుగులేని మాస్టారు. మూడోది ఫోన్ యాప్‌లు, వెబ్‌సైట్లు. ఎల్‌సీడబ్ల్యూవో అనే ఉచిత సైటు వినడానికి చాలా మంచిది.

మొదటి రెండు నెలలకు ఉచిత సైటు, ఒక తీగ ఇయర్‌ఫోన్ చాలు. అప్పటికీ ఆసక్తి నిలబడితే ట్రైనర్ కొనండి. మొదటి వారమే డబ్బు పెట్టినవాళ్లలో సగం మంది పెట్టెలు ఇప్పుడు మా వరండాకే చేరాయి.

చుక్కలు, గీతలతో ఒక చార్టు పంపుతారా?

పంపను. ఈ పేజీలో కూడా ఎక్కడా చుక్కా గీతా గీయను, కావాలనే.

నా తప్పు రెండేళ్లు ఆ చార్టుతోనే గడిచాయి. గోడకు అంటించి, బట్టీపట్టి, పరీక్షలో రాయమంటే నూటికి నూరు రాసేవాణ్ని. కానీ కూత వినబడగానే లోపల ఏం జరిగేదంటే: మూడు పొట్టివి, ఒక పొడుగు, అంటే మూడు చుక్కలు ఒక గీత, అది చార్టులో కుడివైపు కింద, ఆఁ, వీ. ఇంత ప్రయాణం అయ్యేసరికి ఇంకో రెండు అక్షరాలు వెళ్లిపోయేవి. కంటితో నేర్చినదాన్ని చెవి వాడుకోలేకపోయింది.

మన వైపు వాళ్లకు ఈ సంగతి చెప్పడం సులువు. రాయగడ, గంజాం, గజపతి జిల్లాల్లో మన పిల్లలు చాలామంది బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. నానమ్మతో గంటలు గంటలు కబుర్లు చెప్పే పిల్లకు 'అ ఆ' రాయడం రాదు. అయినా దానికి తెలుగు రాదని ఎవరనగలరు? దాని తెలుగు చెవిలోనే పుట్టి చెవిలోనే పెరిగింది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు, అప్పటికి లిపిలేని సవర భాషను, ఒక సవరను ఇంట్లో పెట్టుకుని వింటూ మాట్లాడుతూ నేర్చుకున్నారు. మోర్స్‌ను కూడా ఆ పద్ధతిలోనే పట్టుకోవాలి. పొట్టి కూతను డిట్ అనండి, పొడుగు కూతను డా అనండి. కె అంటే డా-డిట్-డా. అదొక మాట. దాన్ని విడగొట్టి లెక్కపెట్టకండి.

ఏ అక్షరాలతో మొదలుపెట్టాలి? ఏ, బీ, సీ వరుసలోనా?

కాదు. 1930లలో లుడ్‌విగ్ కోహ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపిన పద్ధతే ఇప్పుడు చాలా ట్రైనర్లలో ఉంది. మొదట రెండే అక్షరాలు, కానీ పూర్తి వేగంతో. చాలా ట్రైనర్లలో అవి కె, ఎమ్. ఒకటి డా-డిట్-డా, ఇంకోటి డా-డా. ఐదేసి అక్షరాల గుంపులుగా యంత్రం కొడుతుంటే రాసుకుంటూ పోవాలి. నూటికి తొంభై సరిగా వస్తే మూడో అక్షరం కలపాలి. రాకపోతే అక్కడే ఉండాలి. సిగ్గేమీ లేదు. నేను ఎల్, ఎఫ్ తేడా దగ్గర పదిహేను రోజులు కూర్చున్నాను: డిట్-డా-డిట్-డిట్, డిట్-డిట్-డా-డిట్. ఇప్పటికీ నిద్రమత్తులో తడబడతాను.

ఒక అక్షరం తప్పితే దాన్ని వదిలేసి, అక్కడ చిన్న గీత గీసి, తరువాతిదానికి వెళ్లిపోండి. వెనక్కి వెళ్లి ఆలోచించారా, వరసగా నాలుగు పోతాయి. బస్సు తప్పితే దాని వెనక పరుగెత్తకుండా తరువాతి బస్సు ఎక్కినట్టు.

వేగం ఎంత పెట్టుకోవాలి? నెమ్మదిగా మొదలుపెడితే మంచిది కదా?

అందరూ అలాగే అనుకుంటారు, అక్కడే బోల్తా పడతారు. మోర్స్ వేగాన్ని నిమిషానికి ఇన్ని మాటలని చెబుతారు. ప్యారిస్ అనే ఇంగ్లీషు మాట పొడవు, దాని తరువాతి ఖాళీతో కలిపి, 50 డిట్‌లు. అదే కొలత. ఒక డా మూడు డిట్‌ల పొడవు. అక్షరం లోపలి ఖాళీ ఒక డిట్, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. 1200ను వేగంతో భాగిస్తే ఒక డిట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. వేగం 5 అయితే 240, వేగం 20 అయితే 60.

240 మిల్లీసెకన్లంటే వేళ్లమీద లెక్కపెట్టుకునేంత తీరిక. ఆ తీరికే శత్రువు. లెక్కపెట్టడం అలవాటైన బుర్ర వేగం 10 దాటగానే గోడకు గుద్దుకుంటుంది. అందుకని ట్రైనర్‌లో అక్షర వేగం 18 లేదా 20 పెట్టి, అక్షరాల మధ్య ఖాళీని పెంచి, మొత్తం వేగం 6 నుంచి 8 మధ్య ఉంచండి. దీన్నే ఫార్న్స్‌వర్త్ పద్ధతి అంటారు, ట్రైనర్ మెనూలో ఆ పేరుతోనే కనబడొచ్చు. అక్షరం చకచకా వచ్చి వెళ్లిపోతుంది, ఆలోచించడానికి మాత్రం సమయం ఉంటుంది. అలవాటైన కొద్దీ ఖాళీలు తగ్గించుకుంటూ రావాలి.

స్వరం 600 నుంచి 700 హెర్ట్జ్ మధ్య పెట్టుకోండి. వయసు మీరినవాళ్లకు 500 దగ్గర హాయిగా ఉంటుంది.

నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. ఇది లఘువు గురువుల్లాగే ఉందేమిటి?

ఈ ప్రశ్న వేసిన మాస్టారికి రెండు చేతులా నమస్కారం. ఆ రోజు వరండాలో కాసేపు ఎవరికీ మాట రాలేదు. ఆయన అట్టమీద రాసి చూపించారు. డిట్‌ను లఘువు, డాను గురువు అనుకోండి. యమాతారాజభానసలగం గుర్తుందా? మూడేసి అక్షరాల గణాలు ఎనిమిది. మోర్స్‌లో మూడు కూతలున్న ఇంగ్లీషు అక్షరాలూ ఎనిమిదే. ఒక్కటి కూడా మిగలదు, తగ్గదు. య గణం డబ్ల్యూ, మ గణం ఓ, త గణం జీ, ర గణం కె, జ గణం ఆర్, భ గణం డీ, న గణం ఎస్, స గణం యు. రెండక్షరాలవి కూడా అంతే: వ గణం ఏ, హ గణం ఎన్, రెండు గురువులు ఎమ్, రెండు లఘువులు ఐ.

"రాజభా" అని పైకి అనండి. కె వినబడుతుంది.

రెండు జాగ్రత్తలు. ఛందస్సులో గురువుకు రెండు మాత్రలు, మోర్స్‌లో డాకు మూడు. పద్యం అలవాటుతో కొడితే డాలు పొట్టివైపోతాయి. మా మాస్టారి చేతికి ఇప్పటికీ ఆ జబ్బు ఉంది. రెండోది, "ఇది భ గణం, కాబట్టి డీ" అని లోపల అనువాదం చేసుకోవడం మొదలుపెడితే అది కూడా ఇంకో చార్టే. మొదటి వారం పట్టుకోవడానికి ఊతకర్రగా వాడుకుని తరువాత వదిలెయ్యండి.

ట్రైనర్ ఇంట్లోనే చేసుకోవచ్చా?

ఓసిలేటర్ అయితే ఒక సాయంత్రం పని. 555 టైమర్ ఐసీ ఒకటి కావాలి. బరంపురంలోనో విశాఖలోనో విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది. 1వ కాలు నెగటివ్‌కు. 4, 8 కాళ్లు కలిపి పాజిటివ్‌కు. 8కి 7కి మధ్య 1 కిలోఓమ్ రెసిస్టర్, 7కి 6కి మధ్య 10 కిలోఓమ్. 6ను 2తో కలిపి, అక్కడినుంచి నెగటివ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. 3వ కాలినుంచి 100 ఓమ్ రెసిస్టర్, దాని తరువాత 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా 8 ఓమ్‌ల చిన్న స్పీకర్‌కు, స్పీకర్ రెండో కొస నెగటివ్‌కు. 10 మైక్రోఫారడ్ దాని పాజిటివ్ కాలు ఐసీ వైపు ఉండాలి. 9 వోల్టుల బ్యాటరీ పాజిటివ్ తీగ మధ్యలో కీ. అంతే. కీ నొక్కినప్పుడే కరెంటు నడుస్తుంది కాబట్టి స్విచ్ అక్కర్లేదు. స్వరం లెక్కప్రకారం 685 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 10 బదులు 15 కిలోఓమ్ పెడితే 460 దగ్గరికి దిగుతుంది.

దుకాణంలో "బజర్ ఉంటే ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోకండి. లోపలే ఓసిలేటర్ ఉన్న బజర్లు కీచుమని రెండు కిలోహెర్ట్జ్ పైన కూస్తాయి. పది నిమిషాలకు తలనొప్పి.

పాత పద్ధతి కీ కొనాలా, ప్యాడిలా?

పాత కీలో డిట్ పొడవు, డా పొడవు రెండూ మీ చేతిలోనే. ప్యాడిల్‌లో ఒకవైపు నొక్కితే డిట్‌లు, రెండోవైపు నొక్కితే డాలు వాటంతట అవే సరైన కొలతలో వస్తాయి. రెండూ కలిపి నొక్కితే డిట్, డా ఒకదాని తరువాత ఒకటి. సీ అక్షరం డా-డిట్-డా-డిట్, రెండు వేళ్ల మధ్య నొక్కిపట్టి వదిలితే వచ్చేస్తుంది. అయితే ప్యాడిల్ నడిచే తీరులో ఏ, బీ అని రెండు మోడ్‌లుంటాయి: బీ మోడ్‌లో వదిలాక ఇంకో కూత అదనంగా పడుతుంది, ఏ మోడ్‌లో పడదు. మీ ట్రైనర్‌లో ఏది ఉందో ముందు చూసుకోండి. లేకపోతే అనవసరంగా మీ వేళ్లను తిట్టుకుంటారు.

నా మాట అడిగితే మొదట మూడు నెలలు పాత కీ. కీ గుండీని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో తేలిగ్గా పట్టుకుని, మోచెయ్యి బల్లమీద ఆనించి, మణికట్టు ఆడించాలి. వేళ్లతో పొడవకూడదు. కాంటాక్టుల మధ్య సందు పోస్టుకార్డు మందం ఉంటే మొదట్లో చాలు. చెయ్యి లాగితే ఆపెయ్యండి. పూర్వం తంతి ఆఫీసుల్లో రోజంతా కొట్టినవాళ్ల చేతులు బిగుసుకుపోయేవి.

నేను ఎస్ కొడితే తెర మీద హెచ్ పడుతోంది. నా చెయ్యి బాగాలేదా?

నాకూ ఇదే జరిగింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ట్రైనర్, వానాకాలం. మూడు డిట్‌లు కొడితే నాలుగని చూపించేది. నెలరోజులు టెన్షన్ పడ్డాను. ఒకరోజు రాత్రి టార్చి వేసి చూస్తే కీ కాంటాక్టు మీద సన్నటి నల్లటి పొర. వంశధార పక్క ఊరు, ఆషాఢంలో గోడలే చెమర్చుతాయి, ఇత్తడి ఎంత? మురికి కాంటాక్టు ఒక్క నొక్కుకు రెండుసార్లు అంటుకుని విడుతుంది, యంత్రం దాన్ని రెండు డిట్‌లుగా లెక్కపెడుతుంది. తెల్లకాగితం సన్నగా చించి కాంటాక్టుల మధ్య పెట్టి, కీ తేలిగ్గా నొక్కిపట్టి, కాగితాన్ని మెల్లగా లాగాను. నల్లటి గీత కాగితానికి వచ్చేసింది. నాలుగుసార్లు అలా చేస్తే సరిపోయింది. గరుకు కాగితం మాత్రం వాడకండి, గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది.

ఇంకో మాట. తెర చూస్తూ కొట్టడం అలవాటు చేసుకోకండి. తెరమీద కాగితం కప్పి కొట్టండి, చివర్లో తీసి చూడండి.

ఫోన్‌లో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని కొట్టొచ్చా?

వినడానికి ఫర్వాలేదు. కొట్టడానికి పనికిరాదు. వేలు నొక్కిన తరువాత కూత ఆలస్యంగా వస్తుంది, మన బావిలో మనమే అరిచి ప్రతిధ్వనికి జవాబు చెప్పినట్టుంటుంది. తీగ ఇయర్‌ఫోన్ వాడండి.

అక్షరాలన్నీ సరిగా కొడుతున్నా అవతలివాళ్లకు అర్థం కావడం లేదంటున్నారు.

ఖాళీలు మింగేస్తున్నారు. తెలుగువాళ్లం కదా, సంధి చెయ్యకుండా ఉండలేం. ఏ అంటే డిట్-డా, ఎన్ అంటే డా-డిట్. మధ్యలో ఖాళీ లేకుండా కలిపేస్తే డిట్-డా-డా-డిట్, అది పీ. ఎన్, ఏ కలిస్తే ఎక్స్. అక్షరం అయిపోగానే లోపల ఒక డా అంతసేపు నోరు మూసుకోండి. ఇది కోపంగా చెబుతున్నది కాదు, నిజంగానే నోరు మూసుకుని చూడండి, చెయ్యి ఆగుతుంది.

రోజుకు ఎంతసేపు? ఎన్నాళ్లు పడుతుంది?

పొద్దున పదిహేను నిమిషాలు, రాత్రి పదిహేను. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే ఇదే మేలు. అక్షరాలు, అంకెలు అన్నీ చెవికి పట్టడానికి మా గుంపులో మూడు నుంచి ఆరు నెలలు పట్టింది. మధ్యలో రెండు వారాలు ఏమీ ముందుకు కదలదు. అప్పుడు మానేసినవాళ్లే ఎక్కువ.

ట్రైనర్ దగ్గర లేనప్పుడు బండి నంబర్లు చదవండి. మన రోడ్డు మీద ఓడీ 18, ఓడీ 20, ఏపీ 39 తిరుగుతూనే ఉంటాయి. ట్రైన్ కోసం స్టేషన్ బయట నిలబడి, కనబడ్డ ప్రతి బండిని పెదాలు కదపకుండా డిట్-డా భాషలో అనుకోండి. ఓడీ అంటే మూడు డాలు, ఆగి, డా-డిట్-డిట్. అంకెలు కూడా దీంతోనే వచ్చేశాయి నాకు.

తెలుగులో పంపొచ్చా?

అంతర్జాతీయ మోర్స్‌లో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు. తెలుగు మాటను వాట్సాప్‌లో రాసినట్టు ఇంగ్లీషు అక్షరాలతో రాసి పంపుతాం. ఒడియా అయినా సవర అయినా అంతే. మా వరండాలో మూడూ నడుస్తాయి.

దీనికి లైసెన్సు కావాలా?

ట్రైనర్‌కు అక్కర్లేదు, అది గాలిలోకి ఏమీ పంపదు, కూస్తుంది అంతే. రేడియో సెట్టుతో ప్రసారం చెయ్యాలంటే మాత్రం టెలికాం శాఖ పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. 1978 నాటి హామ్ నిబంధనలకు తరువాత చేసిన మార్పుల ప్రకారం రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సుకు మోర్స్ లేదు, జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 మాటల వేగంతో వినడం, కొట్టడం రెండూ ఉన్నాయి. మాటకు ఐదు అక్షరాల లెక్కన నిమిషానికి నలభై అక్షరాలు. దరఖాస్తు పెట్టే ముందు ఇప్పటి నిబంధనలు టెలికాం శాఖవారి సరళ్ సంచార్ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

పరీక్షకు వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. 20 వేగం అక్షరాలకు అలవాటైన చెవికి, నిజంగా 8 వేగంతో సాగదీసి కొట్టిన అక్షరం వింతగా ఉంటుంది, ఒక్కో డిట్ 150 మిల్లీసెకన్లు. కాబట్టి చివరి రెండు వారాలు ట్రైనర్‌లో అక్షర వేగం కూడా తగ్గించి వినండి.

పిల్లలకు నేర్పొచ్చా?

పెద్దలకంటే సులువు, వాళ్లు చార్టు అడగరు. మా ఇంట్లో పాత టెలిఫోన్ తీగ నాలుగు పోగులది వరండా నుంచి వంటింటికి లాగాను. ఓసిలేటర్ ఒక్కటే, కీలు రెండు, స్పీకర్లు రెండు. మా ఆవిడ కూడా కొన్ని అక్షరాలు పట్టేసింది గానీ ఖాళీలు ఇవ్వదు. మొన్న రాత్రి లోపలినుంచి "అన్నం" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. మొదటి రెండూ కలిపేసింది. పక్కింటి పిన్నిగారి మనవడు శ్రద్ధగా రాసుకున్నాడు: పీ, ఎన్, ఏ, ఎమ్. కాగితం కాసేపు తిప్పి తిప్పి చూశాడు. చూసి, లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.